కొలిమి ఊరిలో కారు ఊపిరి

ఒక లీటరు పెట్రోలు పూర్తిగ దహింపవలయునన్న దానికి రమారమి తొమ్మిదివేల లీటర్ల గాలి కావలయును. తూకమున చెప్పుకొన్నచో ఒక పాలు పెట్రోలునకు 14.7 పాళ్ళ గాలి. బంకు ముందు నిలిచి పెట్రోలు ధరను పైసలతోసహా లెక్కించుకొను మనము, ఆ లీటరు వెంబడి ఇంజనులోనికి ప్రవేశించు ఈ గాలిరాశిని గూర్చి తలంపనైన తలంపము. ఏలయన దానికి వెల లేదు, దానిని కొలిచి పోయువాడు లేడు, దాని నాణ్యమును చూపు ముద్ర యేదియు లేదు. అయినను ఏబదియేండ్ల నాటి కారొకటి నేడును వీథిలో సుఖముగ నడచుచున్నదన్న, ఆ వెలలేని గాలిని వడగట్టి లోనికి పంపు ఫిల్టరును, ఆ గాలిలో పెట్రోలును తగు పాళ్ళలో కలుపు కార్బురేటరును ఎవరో ఒకరు శ్రద్ధతో కనిపెట్టుచున్నారనియే అర్థము.

భిలాయి ఈ సత్యమును ఎఱిగిన ఊరు. గాలితో నిప్పును పోషించి బ్రదుకుచున్న ఊరు. 1955 ఫిబ్రవరి 2వ తేదీన సోవియట్ ప్రభుత్వముతో కుదిరిన ఒడంబడిక ననుసరించి దుర్గ్ సమీపమున వెలసిన ఉక్కు కర్మాగారములో, 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన తొలి బ్లాస్ట్ ఫర్నేసు మొదలుకొని నేటివఱకు ప్రతి ఊదుకొలిమియు చేయు పని ఒక్కటే: పైనుండి దల్లీ-రాజహరా గనుల ముడి ఇనుమును, కోకును, సున్నపురాతిని పోయుచుండగా, అడుగునుండి కాగిన గాలిని బలముగ ఊదించుకొనుట. టన్ను ఇనుము కరగి దిగుటకు టన్నునకు మించిన గాలి కావలయును. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము జిల్లాలనుండి రైలెక్కి వచ్చి ఆ కర్మాగారములో కుదిరి, సెక్టారులలోని క్వార్టర్లలో కాపురములు పెట్టి, సెక్టారు 5 లోని బాలాజీ మందిరమున తమ పండుగలను నిలుపుకొన్న తెలుగువారికి ఈ ఊదుట అను క్రియ క్రొత్తది కాదు. వారి స్వగ్రామములలో కమ్మరిసాలలోని తోలుతిత్తి చేసిన పనినే ఇచ్చట మహాయంత్రములు చేయుచున్నవి. మన భాష ఈ బంధుత్వమును ఏనాడో గుర్తించినది: కమ్మరిది కొలిమితిత్తి, మనుష్యునిది ఊపిరితిత్తి. కారు కార్బురేటరు ఆ వంశములో మూడవది.

కార్బురేటరు మర్మమెల్ల ఒక ఇఱుకు త్రోవలో నున్నది. వరదకాలమున పాపికొండల నడుమ గోదావరిని చూచినవారికి, విశాలముగ పాఱు నది కొండల మధ్య ఇఱుకై వడి పెంచుకొనుట తెలిసినదే. గాలియు అట్లే: గొట్టము నడుమ సన్నగిలినచోట దాని వేగము హెచ్చును, వేగము హెచ్చినచోట దాని ఒత్తిడి తగ్గును. ఈ సూత్రమును 1738లో బెర్నూలీ ద్రవములను గూర్చి వివరింపగా, దాని ఆధారముననే 1890వ దశకమున జర్మనీలో మేబాక్, హంగరీలో బాంకీ, చోంకా అనువారును పెట్రోలును తుంపరగ చిమ్ము కార్బురేటర్లను నిర్మించిరి. ఆ ఇఱుకుచోట ఒక సన్నని ఇత్తడి రంధ్రము, అనగా జెట్, ఉండును. ప్రక్కనున్న చిన్న తొట్టిలో పెట్రోలు ఎల్లప్పుడు ఒకే మట్టమున నిలుచుటకు ఫ్లోట్ అను తేలుడుబుఱ్ఱయు, మట్టము పెరిగినంతనే ద్వారమును మూయు ఒక సూదియు ఉండును. గాలి ఒత్తిడి తగ్గగా తొట్టిలోని పెట్రోలు జెట్ గుండ పైకెగసి, గాలివడికి పొగమంచువలె చెదరి, సిలిండరులోనికి పోవును. ఇందు మోటారు లేదు, విద్యుత్తు లేదు, గణకయంత్రము లేదు; ఉన్నదెల్ల గాలి, రంధ్రము, మట్టము. ఈ మూడింటిలో ఏ యొక్కటి చెడినను కారు నడక చెడును.

మన దేశపు వీథులలో ఈ విద్యకు రెండు సంప్రదాయములు ప్రసిద్ధములు. ఆంగ్లేయుల మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై 1950వ దశకము చివర బయలుదేరి 2014 వఱకు ఉత్తరపారా కర్మాగారమున తయారైన అంబాసిడరులో, 1489 సి.సి. పెట్రోలు ఇంజనునకు ఎస్.యు. జాతి కార్బురేటరు అమర్చిరి. 1964లో ఫియట్ 1100 డిలైట్‌గ వచ్చి తరువాత ప్రీమియర్ పద్మినిగ పేరు మాఱిన 1089 సి.సి. కారునకు సోలెక్స్ జాతిది అమరినది. 1983లో మారుతి 800 వచ్చిన పిమ్మటను కార్బురేటరు యుగము సాగినది గాని, 2000 నాటికి పొగ నిబంధనలు కఠినములు కాగా, పెట్రోలును కొలిచి చిమ్ము ఇంజెక్షను పద్ధతి దాని స్థానమును ఆక్రమించినది. కావున నేడు కార్బురేటరు గల కారును నడుపువాడు, తెలిసియో తెలియకయో, ముగిసిన యొక యుగపు విద్యకు వారసుడు.

ఎస్.యు. కార్బురేటరు కథలో మన తిత్తి మరల ప్రత్యక్షమగును. 20వ శతాబ్ది తొలి దశకమున దీనిని రూపొందించిన స్కిన్నరు సోదరులు, పాదరక్షల వ్యాపారమున పేరుగన్న ఇంగ్లండు కుటుంబమువారు. వారి తొలి కార్బురేటరులో గాలి ఒత్తిడికి లేచి పడు భాగము అక్షరాల తోలుతిత్తియే! తరువాత తోలుస్థానమున లోహపు పిస్టను వచ్చినది గాని భావము మాఱలేదు. సోలెక్స్ వంటి కార్బురేటర్లలో ఇఱుకు త్రోవ స్థిరముగ నుండగా, ఎస్.యు.లో అది ఇంజను కోరికను బట్టి విప్పారుచుండును. యాక్సిలరేటరు తొక్కినకొలది పిస్టను లేచును; దాని క్రింద వ్రేలాడు క్రమముగ సన్నగిలు సూది జెట్‌నుండి పైకి వచ్చును; గాలి ఎంత హెచ్చిన పెట్రోలు అంత హెచ్చును. పిస్టను ఉన్నపాటున ఎగిరిపడకుండ దాని బోలుకాడలో కొంచెము నూనె నిలిపి, ఆ నూనెలో ఒక కడ్డీని ముంచి ఉంచుదురు.

గాలి త్రోవ యిట్లు తెలిసిన పిదప, ఆ గాలి ఎట్టిదో చూడవలయును. భిలాయి టౌన్‌షిప్‌లో చెట్లకు కొదువ లేదు. అయినను కర్మాగారపు ఖనిజపు ధూళి, చుట్టుప్రక్కల రోలింగు మిల్లుల నల్లని పొడి, జి.ఇ. రోడ్డున రాత్రింబగళ్ళు నడచు లారీలు లేపు దుమ్ము, వేసవిలో ఎండి లేచు ఎఱ్ఱమన్ను, ఇవన్నియు ప్రొద్దున లేచునప్పటికి కారు బానెట్‌పై పలుచని పొరగ పఱచుకొనియుండును. వ్రేలితో ముట్టి రెండు వ్రేళ్ళ నడుమ నలిపినచో గరగరలాడు ఆ పొర, ఇంజను గోడకంటె గట్టిదైన ఇసుకరేణువులతోను, ఇనుపరాతి రేణువులతోను నిండినది. అంబాసిడరు ఇంజను నిండుగ గాలి పీల్చుచు నిమిషమునకు మూడువేల చుట్లు తిరుగునప్పుడు, ఆ ఒక్క నిమిషములో ఇంచుమించు రెండువేల లీటర్ల గాలి దాని గుండ పోవును. సిలిండరు గోడకును పిస్టను రింగులకును నడుమనుండు నూనెపొర మందము కొద్ది మైక్రానులు మాత్రమే. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. ఆ పొరను మించిన రేణువు నూనెతో కలిసినప్పుడు, రక్షింపవలసిన నూనెయే సానపట్టు ముద్దగ మాఱి, లోహమును దినదినము అరుగదీయును. చినిగిన ఫిల్టరుతో నడుచు కారు ఆనాడే ఆగదు; కొన్ని మాసముల పిదప సైలెన్సరునుండి నీలిపొగ వచ్చి, నూనె తఱుగుచు, బోరింగు చేయక తప్పదని మేస్త్రి చెప్పునప్పుడు గాని దాని మూల్యము తెలియదు.

పాత వాహనములలో ఫిల్టరు రెండు విధములు. పాత జీపులలోవలె నూనె తొట్టి గలది మొదటిది. లోనికి వచ్చు గాలి క్రిందికి దిగి, నూనెమట్టమును తాకునంత దగ్గఱకు పోయి, చటుక్కున పైకి మరలును. తేలికయైన గాలి మరలగలదు గాని బరువైన ధూళి మరలలేక నూనెలో కూలును. మిగిలిన సన్నని ధూళి పైనున్న తడి జాలిలో చిక్కుకొనును. దీని సంరక్షణ సులభము: తొట్టి నడుగున బురద వ్రేలెడు మందము పేరుకొనకమునుపే పాతనూనె పాఱబోసి, కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టి, గుర్తించిన గీటు వఱకు మాత్రమే క్రొత్తనూనె పోయవలయును. గీటు దాటిన నూనెను ఇంజను పీల్చి పొగ చిమ్మును. గీటు తగ్గినచో ధూళి నేరుగ లోనికి పోవును.

రెండవది మడతలు మడతలుగ నమర్చిన కాగితపు ఫిల్టరు. దీనిని నీటితో కడుగుట, పెట్రోలులో ముంచుట, నూనె పూయుట, మూడును తప్పులే. కాగితపు నార చెదరి దాని సూక్ష్మరంధ్రములు చెడును. మెల్లగ నేలపై తట్టి, లోపలినుండి వెలుపలికి తేలికగ గాలి కొట్టి, పిమ్మట దానిలో ఒక దీపముంచి చీకటిలో చూడవలయును. వెలుతురు అన్నివైపులనుండి సమముగ వడిసివచ్చినచో అది ఇంకను పనికివచ్చును. ఎచ్చటను వెలుతురు కానరానిచో అది నిండినది. ఒక్కచోట సూదిమొనవలె వెలుగు మెఱసినచో అది చినిగినది, దానిని మరల నమర్చరాదు. ధూళి తక్కువైన ఊళ్ళలో సంవత్సరము మన్ను ఫిల్టరు, భిలాయి వేసవిలో అందు సగము కాలమైన మన్నునని నమ్ముట కష్టము గాన, పుస్తకములోని మైళ్ళ లెక్కతో తృప్తిపడక కంటితో చూచుటయే మేలు. ఫిల్టరు ఎంత మంచిదైనను, దాని క్రింది రబ్బరు అంచు సరిగ కూర్చుండక, మూత బిగువు తప్పినచో, దొంగకు దొడ్డిగుమ్మము తెఱచి ఉంచినట్లే యగును.

ఇక మూసుకొనిపోయిన ఫిల్టరు చేయు కీడు వేఱు. గాలి త్రోవ మూతపడగా కార్బురేటరు నోట పీడనము మఱింత తగ్గి, జెట్‌నుండి అవసరమునకు మించిన పెట్రోలు లాగబడును. నల్లని పొగ, పికప్ తగ్గుట, లీటరునకు వచ్చు దూరము పడిపోవుట, ప్లగ్గులపై కాటుకవంటి మసి, ఇవి దాని లక్షణములు. ఇట్టి వేళ కార్బురేటరు మరలను తిప్పుట, ముక్కు మూసుకొనిపోయినవానికి అన్నము మాన్పించుటవంటిది. ముందు ఫిల్టరును చూడవలయును. తరువాతనే కార్బురేటరును ముట్టవలయును.

ముట్టవలసిన దినము వచ్చినప్పుడు భిలాయి మేస్త్రీలు హిందీలో పలుకు మాటను అచ్చటి తెలుగువారును అట్లే పలుకుదురు: కార్బురేటరులో కచరా వచ్చినది. తొట్టి నడుగున చేరిన తుప్పు, ఎండిన పెట్రోలు వదలిన జిగురు, నీటిబొట్టు, ఈ మూడే ప్రాయికముగ ఆ కచరా. బ్యాటరీ తీగ విప్పి, ఆరుబయట, నిప్పునకు దూరముగ, బీడీ సిగరెట్ల వాసనయైన లేనిచోట, తొట్టిని విప్పి కడుగవలయును. ఫ్లోట్‌ను చెవియొద్ద ఊపి చూడవలయును. లోన పెట్రోలు గలగలలాడినచో దానికి చిల్లిపడినదని, అది మునిగి మట్టము పెంచి ఓవర్‌ఫ్లో చేయునని తెలియును. సూది మొనపై గీటు పడియున్న మార్చవలయును. జెట్ రంధ్రములో ఇనుపతీగను మాత్రము ఎన్నడు దూర్పరాదు. ఇత్తడి మెత్తన, మిల్లీమీటరులో వందలవంతుల లెక్కతో తొలిచిన ఆ రంధ్రమును తీగ ఒక్క రాపిడితో పెద్దది చేయును, ఆనాటినుండి ఆ కారు పెట్రోలు త్రాగుట మానదు. గాలి కొట్టిన చాలును, మొండియైనచో నైలాను పోచ చాలును.

ఎస్.యు. కార్బురేటరు గలవారు నెలకొకసారి పై మూత విప్పి, పిస్టను కాడలోని నూనె కాడ అంచునకు సుమారు అర అంగుళము పైకి ఉన్నదేమో చూచి, 20వ గ్రేడు పలుచని ఇంజను నూనెతో పూరింపవలయును. నూనె లేనిచో యాక్సిలరేటరు తొక్కగనే కారు ఒక్కక్షణము తడబడును. పిస్టనును, దాని గుమ్మటమును పలుచని ద్రావకముతో తుడిచి పొడిగనే అమర్చవలయును. అవి జతగ చెక్కిన జంటలు, ఒకదాని గుమ్మటము వేఱొకదానికి పొసగదు. అమర్చిన పిదప పిస్టనును వ్రేలితో ఎత్తి విడువవలయును. అది నిదానముగ దిగి, అడుగున తాకి, టక్కుమని యొక చిన్న శబ్దము చేయవలయును. ఆ శబ్దము వినబడనిచో సూది జెట్‌నకు ఒరసికొనుచున్నదనియో, లోన మలినము మిగిలినదనియో తెలిసికొనవలయును.

పాళ్ళు సరిచూచుటకు ఇంతకంటె సొగసైన పరీక్ష యొకటి కలదు. ఇంజను బాగుగ వేడెక్కిన పిదప, స్లోలో నడుచుచుండగా, పిస్టనును గోటిమందము, అనగా మిల్లీమీటరునకు కొంచెము తక్కువగ, ఎత్తి చెవియొగ్గవలయును. ఇంజను వడి హెచ్చి అట్లే నిలిచినచో పెట్రోలు ఎక్కువగ నున్నది. వెంటనే క్రుంగి ఆగబోయినచో పెట్రోలు తక్కువగ నున్నది. క్షణకాలము కొంచెము హెచ్చి మరల మొదటి వడికి వచ్చినచో పాళ్ళు కుదిరినవి. సవరింపవలసి వచ్చినచో జెట్ క్రింది ఆరుపలకల నట్టును ఒక్కొక్క పలక చొప్పున, పెట్రోలు తగ్గుటకు పైకి, హెచ్చుటకు క్రిందికి, త్రిప్పి ప్రతిమాఱు మరల వినవలయును. సోలెక్స్‌లో ఈ పని స్లోకు సంబంధించిన రెండు మరలతో జరుగును: ఒకటి వడిని, ఒకటి మిశ్రమమును దిద్దును. రెంటియందును తొందర పనికిరాదు. పావుచుట్టు త్రిప్పి పది లెక్కించి విన్నవాడే నేర్పరి. పని ముగిసిన పిదప కొంతదూరము నడిపి ప్లగ్గు విప్పి చూచినచో, దాని మొన బిస్కత్తు రంగున నుండుట కుదిరిన పాళ్ళకు సాక్ష్యము. మసి పట్టినచో పెట్రోలు అధికము, సున్నమువలె తెల్లబడినచో అల్పము. ఈ పరీక్షలన్నియు బయలు ప్రదేశముననే చేయవలయును. మూసిన గ్యారేజిలో నడుచు ఇంజను వదలు కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు, కాని ప్రాణము తీయు శక్తి కలదు. ఊదుకొలిమి వాయువుతో పనిచేసినవారికి ఆ హెచ్చరిక వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఋతువులను కూడ గమనింపవలయును. మే నెలలో భిలాయి ఎండ 45 డిగ్రీలను సమీపించునప్పుడు, సంతకు పోయి వచ్చి నిలిపిన కారు మరల స్టార్టు కాకుండుట సాధారణము. పెట్రోలులోని తేలిక భాగములు మన శరీరపు వేడిమికే ఆవిరియగు స్వభావము గలవి. ఇంజను సెగకు పంపులో, గొట్టములో ఆవిరి నిండి పెట్రోలు ప్రవాహము తెగును. పూర్వపు డ్రైవర్లు పంపుపై తడిగుడ్డ కప్పి కొంతసేపు బానెట్ తెఱచి ఉంచుట ఇందులకే. పెట్రోలు గొట్టమును సైలెన్సరు వైపునకు పోనీయక మరల్చి కట్టుట అంతకంటె మేలు. వానకాలమున ట్యాంకు మూతనుండియో, గాలిలోని చెమ్మనుండియో చేరిన నీరు తొట్టి నడుగున నిలుచును. నేడు బంకులలో సాధారణమైన 20 శాతము ఇథనాలు గల పెట్రోలు ఈ చెమ్మను మఱింత పీల్చుకొనును. అంతియేకాక పాతకాలపు రబ్బరు గొట్టములను, బిరడా గ్యాస్కెట్లను మెత్తబఱచును. అట్టి మిశ్రమము దహనమునకు 14.7 పాళ్ళకు బదులు 13.5 పాళ్ళ గాలియే కావలయును గనుక, వెనుకటి పాళ్ళకు దిద్దిన కార్బురేటరు ఇప్పుడు పెట్రోలు చాలని స్థితిలో నడచి, వేడెక్కి, మిస్సింగు చూపును. ఇథనాలునకు తాళగల క్రొత్త గొట్టములు వేయుట, నట్టును ఒకటి రెండు పలకలు దించి పరీక్షించుట, వారమునకొకసారియైన కొంతదూరము నడిపి తొట్టిలో పెట్రోలు నిలువయుండనీయకుండుట, ఇవి నేటి కాలమున అవశ్యకర్తవ్యములు.

ఇంత శ్రమ యెందుకని అడుగువారు కలరు. 2021లో కేంద్రప్రభుత్వము ఏబదియేండ్లు దాటి మూలరూపము చెడని వాహనములకు వింటేజి రిజిస్ట్రేషను నేర్పఱచి, వాటి గౌరవమును చట్టమున నిలిపినది. కాని కారు బ్రదుకుట కాగితముపై కాదు. క్రొత్తకారు తన రోగమును దీపము వెలిగించి చూపును; పాతకారు దగ్గి, కుదిపి, గొణిగి చెప్పును. ఆ మాటను వినుటకు చెవి కావలయును. ఆ చెవి ఒకనాట అలవడదు. భిలాయిలో మూడు షిఫ్టులలో యంత్రముల నడుమ పెరిగిన తరమునకు ఆ చెవి కలదు. బేరింగు మ్రోత మాఱినదని దూరమునుండియే పసిగట్టిన ఆ చెవి, పదవీవిరమణతో చెవిటిదగుట దేశమునకు నష్టము. తాతయొద్ద కూర్చుండి పిస్టను టక్కుమను శబ్దమును విన్న మనుమడు కార్బురేటరును బాగుచేయుటతోపాటు, చెడిన వస్తువును పాఱవేయుటకు ముందు దానిని వినుట అను మర్యాదను నేర్చుకొనును.

సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకు భిలాయి ఊరెల్ల యంత్రములను కడిగి అలంకరించును. దసరాకు తెలుగువారి యిండ్ల ముందు వాహనములకు పసుపు కుంకుమలు, బంతిదండలు, చక్రముల క్రింద నిమ్మకాయలు అమరును. వానల చెమ్మ తీరి శీతకాలపు ధూళి మొదలగు ఆ సంధి, ఫిల్టరునకును కార్బురేటరునకును వలసిన శుశ్రూషకు తగిన అదను. కావున ఈ ఏడు బానెట్‌పై బొట్టు పెట్టుటకు ముందు ఆ బానెట్‌ను ఒకమాఱు ఎత్తుడు. ఫిల్టరును దీపమునకు పట్టి చూడుడు. తొట్టిలోని నీటిని తీయుడు. పిస్టనునెత్తి విడిచి ఆ చిన్న టక్కు శబ్దమునకై చెవియొగ్గుడు. అది వినబడిన పిమ్మట కొట్టిన కొబ్బరికాయ, నిజముగ ఆ యంత్రమునకు చేసిన పూజ యగును.